ఇటలీ సఫర్‌కి ఒక్క అబాయా చాలదు భాయీసాబ్

దసరా సెలవులు దగ్గరపడితే మన ఖాన్‌దాన్లలో ఈమధ్య ఊటీ, మైసూరు మాట తగ్గింది. రోమ్, వెనిస్ అంటున్నారు. మాషాఅల్లాహ్. దుబాయిలోనో దమ్మామ్‌లోనో నౌకరీ చేసే తమ్ముడు బీవీబచ్చాలతో అటునుంచి వస్తాడు, హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో అన్నయ్య అమ్మీ అబ్బాలను వెంటబెట్టుకుని ఇటునుంచి బయల్దేరతాడు, అందరూ రోమ్‌లో కలుసుకుంటారు. హలాల్ కమాయీతో పిల్లలకు నాలుగు ఊళ్లు చూపించడం మంచి పనే. నా ఝగడా సఫర్‌తో కాదు, సూట్‌కేసుతో.

ఆ సూట్‌కేసు ఒకసారి తెరిచి చూడండి. భాయీసాబ్‌కి ఒక లెదర్ జాకెట్టు, ఒక పఫర్ జాకెట్టు, రెండు స్వెటర్లు, మూడు జీన్సులు, కొత్త స్పోర్ట్స్ షూలు. పిల్లలకు ఫోటోల కోసం ఒకే రంగు డ్రెస్సులు. మరి బేగం సాహెబాకి? "నీకేముంది, పైన అబాయా ఉంటుందిగా. లోపల ఏది వేసుకున్నా ఎవరికి కనిపిస్తుంది?"

ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. అనేవాళ్లు జాలిమ్‌లేం కాదు, అంతా మంచి మనుషులే. కానీ ఆ ఒక్క మాటతో ఆడమనిషికి సర్దీ తగలదని, బారిష్ తడపదని ఫైసలా అయిపోతుంది. కనిపించని బట్ట అవసరం లేని బట్ట అయిపోతుంది. పర్దా మీద మొహబ్బత్‌తో ఈ మాట అంటున్నారని నేను అనుకోవడం లేదు. ఆమె గురించి ఆలోచించే పని తప్పుతుందని అంటున్నారు.

ఇటలీ అక్టోబరు ఒక మౌసమ్ కాదు. ఒకే రోజులో రెండు మూడు మౌసమ్‌లు. రోమ్‌లో మధ్యాహ్నం 22, 23 డిగ్రీలు ఉండి ఫజర్ వేళకు 12కి పడిపోతుంది. ఆ ఎండ ఎంత హాయిగా ఉంటుందంటే రోమ్ వాళ్లు దానికి 'ఒత్తొబ్రాతా' అని పేరే పెట్టుకున్నారు. ఆ ఎండను నమ్మి పల్చటి బట్టతో బయటికి వెళ్లిన మనిషి సాయంత్రం వణుక్కుంటూ తిరిగొస్తుంది. ఏడాదిలో రోమ్‌కి వానలు బాగా పడే నెలలు అక్టోబరు, నవంబరే. దక్షిణం నుంచి సిరోక్కో గాలి వస్తే ఉక్కపోత, ఉత్తరం నుంచి త్రమొంతానా వీస్తే ఎముకల్లో చలి. అదే వారంలో మీరు మిలాన్ వెళ్తే అక్కడ నెలాఖరుకు పగలు 15 దగ్గర, రాత్రి 8 దగ్గర. పాలెర్మో వెళ్తే ఇంకా సముద్రపు ఎండాకాలం లాగే ఉంటుంది. దీనికి ఒకే ఒక బరువైన కోటు జవాబు కాదు, ఒకే ఒక అబాయా అసలే కాదు. వేసుకుంటూ తీసేస్తూ పోయే పల్చటి పొరలే జవాబు.

ఇప్పుడు ఆ అబాయా సంగతి చూద్దాం. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ శాతం నిదా, క్రేప్ రకాలు, అంటే పాలియెస్టరే. గల్ఫ్ ఎండలో కారు దిగి ఏసీ మాల్‌లోకి నడవడానికి అది సరిపోతుంది. రోమ్‌లో గంటసేపు క్యూలో నిలబడితే ఎండలో చెమట లోపలే ఉండిపోతుంది, సాయంత్రం గాలి అందులోంచి నేరుగా దూరిపోతుంది. వాన పడితే తడిసి ఒంటికి అతుక్కుంటుంది. ఒంటి ఆకారం కనిపించకూడదని వేసుకున్న బట్ట తడిసి ఒంటికి అంటుకుపోయాక ఇంకెక్కడి సతర్? అందుకే అంటున్నాను, అబాయా పైకి వచ్చేంత వదులుగా, మోకాళ్లు దాటేంత పొడవుగా, టోపీ ఉన్న రెయిన్‌కోటు బేగం సాహెబాకి శౌక్ కాదు. ఆమె పర్దాలో అదొక హిస్సా. మీ రెండో జాకెట్టు తీసేసి ఆ జాగాలో అది పెట్టండి.

అంచు సంగతి కూడా చెప్పాలి. నేలను తుడిచే అబాయా ఆ దేశపు శరదృతువులో పనికిరాదు. వెనిస్‌లో శరదృతువు నుంచి సముద్రం పోటెక్కి వీధుల్లోకి వస్తుంది, దాన్ని 'ఆక్వా ఆల్తా' అంటారు. 2019 నవంబరు 12న నీళ్లు 187 సెంటీమీటర్ల మట్టానికి లేచాయి. 1966 నవంబరు 4న వచ్చిన 194 తర్వాత అదే పెద్దది. 2020 అక్టోబరు నుంచి సముద్రం దారుల్లో 'మోసే' అనే గేట్లు లేపి పెద్ద పోట్లను ఆపుతున్నారు. కానీ చిన్న పోట్లకు గేట్లు లేపరు, సాన్ మార్కో చౌక్ ఏమో ఊళ్లో బాగా పల్లపు చోటు. ఆ నీళ్లలో తడిసిన అంచుతో నమాజ్ ఎలా చదువుతుంది? రాత్రి హోటల్‌లో ఉతికి ఆరేస్తే పొద్దునకు ఆరుతుందా? అంచు చీలమండ దగ్గర ఆపండి, కింద మందపాటి మేజోళ్లు, నీళ్లు దూరని బూట్లు. సతర్ ఖాయం, బట్ట పాక్.

ఆరడం అన్నాను కదా, మన ఏజెంట్లెవరూ చెప్పని సంగతి ఒకటుంది. హోటళ్ల సంగతి వేరు గానీ, ఇటలీలో ఇళ్లల్లో హీటర్లు ఎప్పుడు వెయ్యాలో ఎవరిష్టం వాళ్లది కాదు, కానూన్ ఉంది. దేశాన్ని చలిని బట్టి జోన్లుగా విడగొట్టారు. మామూలుగా మిలాన్, వెనిస్, బొలోన్యాలలో అక్టోబరు 15 నుంచి, రోమ్, ఫ్లోరెన్స్‌లలో నవంబరు 1 నుంచి, నేపుల్స్‌లో నవంబరు 15 నుంచి. అంటే అక్టోబరులో మీరు దిగే రోమ్ గదిలో హీటర్ వెయ్యకపోతే, ఆ రాతి గోడల మధ్య రాత్రి మీ ఒంటి మీద ఉన్నదే మీ హీటర్. మన ఆడవాళ్లు హోటల్‌లో వేసుకోవడానికని పల్చటి కాటన్ నైటీలు పెట్టుకుంటారు, తహజ్జుద్‌కో ఫజర్‌కో లేచినప్పుడు తెలుస్తుంది. లోపల వేసుకునే పల్చటి ఉన్ని బనియన్, పైజామా జత ఒక్కటి రాత్రికీ పనికొస్తుంది, పగలు అబాయా కిందికీ పనికొస్తుంది. ఉన్ని తొందరగా వాసన పట్టదు, రెండు మూడు రోజులు వేసుకోవచ్చు.

ఇక రెండో జమాత్ ఉంది. వీళ్లు సలహాలిచ్చే మేనల్లుళ్లు, టూరు ఏజెంట్లు. "ఆంటీ, యూరప్‌లో షల్వార్ కమీజ్ బాగుండదు, అందరూ చూస్తారు. జీన్స్, కోట్ కొనుక్కోండి. దుపట్టా ఇక్కడే వదిలెయ్యండి." ఒక ఏజెంటు ఇచ్చిన బట్టల లిస్టులో దుపట్టా, షాల్ అన్న మాటే లేదు, పార్టీ డ్రెస్ మాత్రం ఉంది!

ఆ లిస్టు రాసినాయన వాటికన్ గుమ్మం దగ్గర ఒక గంట నిలబడి ఉంటే బాగుండేది. సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకోకుండా పోనివ్వరు, మగవాళ్లనైనా సరే. చేతుల్లేని జుబ్బాలు, పొట్టి నిక్కర్లతో వచ్చినవాళ్లు బయట అమ్మే పల్చటి గుడ్డలు కొని చుట్టుకుంటుంటారు. మీ దుపట్టా ఆ ఊళ్లో వింత కాదు, అక్కడ జనం డబ్బులిచ్చి కొనుక్కునే చీజ్ అది. ఫ్రాన్స్ ఖబర్లు విని ఇటలీకి అంటగట్టి భయపెట్టేవాళ్లూ ఉన్నారు. తలమీద హిజాబ్‌ని అడ్డుకునే కానూన్ ఇటలీలో లేదు. మొహం కప్పుకునే బెహెన్లు మాత్రం 1975 నాటి ఒక కానూన్ తెలుసుకుని వెళ్లాలి, తగిన కారణం లేకుండా మనిషిని గుర్తుపట్టలేనట్టు మొహం దాచడం గురించి అది. పోలీసు అడిగితే మొహం చూపించాల్సి ఉంటుంది.

షరమ్ పడాల్సిన లిబాస్ కాదు మనది. ఇటలీ వాళ్లు జాకెట్టును 'జుబ్బొత్తో' అంటారు. ఆ మాట 'జుబ్బా' నుంచి పుట్టింది, జుబ్బా అరబ్బీ మాట. మన తాతలు శుక్రవారం మసీదుకి తొడుక్కెళ్లిన జుబ్బాయే. వాళ్ల 'కొతోనె' మన ఖుత్న్, అంటే పత్తి. పాలెర్మోలో రాజ్యం చేసిన రెండో రోజర్ క్రైస్తవ రాజు. ఆయన రాజవస్త్రం అంచు చుట్టూ బంగారు జరీతో కూఫీ అక్షరాల అరబ్బీ రాత ఉంటుంది, దాన్ని నేసిన హిజ్రీ సంవత్సరం 528తో సహా. ఇప్పటికీ వియన్నా ఖజానాలో భద్రంగా ఉంది. ఒక రాజు ఒంటి మీద నిలిచిన అక్షరాలవి, మన మేనల్లుడికి ఏమో దుపట్టా చూస్తే సిగ్గు.

పైగా మౌసమ్ పరంగా చూసినా షల్వార్ కమీజ్‌ది అఖల్ ఉన్న కుట్టు. వదులుగా ఉంటుంది కాబట్టి చలైతే లోపల ఒక పొర, ఎండైతే అదొక్కటే. బిగుతు జీన్స్ కింద ఏం వేస్తారు? అది తడిస్తే ఎప్పటికి ఆరుతుంది? మరీ వెడల్పు షల్వార్లు మాత్రం వద్దు, తడి వీధుల్లో బురద అంటుతుంది. కశ్మీరీ షాల్ ఉంటే సందూక్‌లోంచి బయటికి తీయండి, పెళ్లిళ్లకేనా అది? విమానంలో దుప్పటి, చర్చి ముందు చద్దర్, త్రమొంతానాకు కవచం. చలిబట్టలు కొనాలంటే మాత్రం మన ఊళ్లలో అసలు చిక్కుంది. స్వెటర్లు అమ్మేవాళ్లు చలికాలం మొదలయ్యాకే వస్తారు, దసరా నాటికి దొరికేవి మాల్స్‌లో ఖరీదైనవే. కాబట్టి నిరుటి చలికాలంలో కొన్నవి వెతికి పెట్టుకోండి, చుట్టాల దగ్గర అడిగి తీసుకోండి. అడగడంలో ఇజ్జత్ పోదు.

వుజూ గురించి ఏ లిస్టులోనూ ఉండదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. రోజంతా బయట తిరిగే ముసాఫిర్‌కి స్టేషన్ గుసల్‌ఖానాలో చన్నీళ్లతో వుజూ చెయ్యాల్సి వస్తుంది. అక్కడ మోచేతిదాకా మడతపడని బిగుతు స్వెటర్ చేతులు పెద్ద ముసీబత్. కొనేముందే షాపులో చెయ్యి మడిచి చూడండి. కాళ్లకు ఖుఫ్ఫైన్, అంటే తోలు మేజోళ్లు పెట్టుకోండి. హనఫీ మస్లక్‌లో వుజూతో వాటిని తొడుక్కున్న ముసాఫిర్‌కి, ఆ తర్వాత మొదటిసారి వుజూ పోయినప్పటి నుంచి 3 పగళ్లు 3 రాత్రులు వాటి మీద మసహ్ సరిపోతుంది. మామూలు కాటన్ సాక్సుల మీద ఆ ఇజాజత్ లేదు. మిగతా మసాయిల్ మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి. నేను చెప్పేది ఇంతే, దీన్ ఇచ్చిన ఈ ఆసానీ సూట్‌కేసులో గుప్పెడు జాగా పడుతుంది, అయినా పది సూట్‌కేసుల్లో ఒక్కదాంట్లో కనిపించదు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆపైన రోమ్‌లో సాయంత్రం ఐదింటికల్లా మగ్రిబ్. చలి మొదలయ్యే వేళ, కాళ్లు కడుక్కునే వేళ ఒకటే అవుతాయి.

అమ్మీల మాట. మన కోస్తా, సీమ ఊళ్లలో నానీమాలు, దాదీమాలు చాలామంది చీరే కడతారు. వాళ్లను అక్కడికి తీసుకెళ్తూ "యూరప్‌లో నడవదు" అని 65 ఏళ్ల మనిషికి మొదటిసారి ప్యాంటు తొడిగించే జిద్దు చూశాను. ఎందుకండీ? లంగా కింద ఉన్ని పైజామా, పొడుగు చేతుల జాకెట్టు, పైన బటన్ల స్వెటర్, షాల్. చీర రెండంగుళాలు పైకి కట్టుకుంటే చాలు. ఆమెకు కావాల్సింది కొత్త లిబాస్ కాదు, జారని బూట్లు. రోమ్ వీధుల్లో పరిచిన నల్లరాళ్లు వానకు సబ్బులా జారుతాయి. చెప్పులతో ఆమెను ఆ రాళ్ల మీద నడిపించడం బేఅదబీ.

గొడుగు మోసుకుపోవాల్సిన పని లేదు. చినుకు పడ్డ నిమిషానికి గొడుగులు పట్టుకుని మనుషులు ప్రత్యక్షమవుతారు, చాలామంది బంగ్లాదేశీ భాయీలే. సలాం చెప్పి కొనండి.

ఇక ఆ ఫోటో డ్రెస్సులు. పదిరోజుల సఫర్‌కి మనిషికి పదిజతలు ఎందుకంటే, ఒకే బట్టలో రెండు ఊళ్ల ఫోటోలు పెడితే చుట్టాలు ఏమనుకుంటారో అని. దిఖావాకి ఇంతకంటే సాఫ్ మిసాల్ నాకు దొరకలేదు. ఇస్రాఫ్ అంటే అన్నం పారేయడమే అనుకుంటాం, ఒక్కసారి తొడిగి మడిచిపెట్టే డ్రెస్సులకు 23 కిలోల సూట్‌కేసు నింపడం ఏంటి మరి? రెండు కమీజులు, రెండు షల్వార్లు, రెండు జతల లోపలి పొరలు, ఒక స్వెటర్, ఒక షాల్, ఒక అబాయా, ఒక రెయిన్‌కోటు, మూడు దుపట్టాలు. పదిరోజులు తిరగొచ్చు, మధ్యలో ఒకసారి నాణేలు వేసే లాండ్రీకి వెళ్తే చాలు.

ఎవరి బట్టలు వాళ్లే సర్దుకోవాలని కూడా అంటాను. భాయీసాబ్ తన స్వెటర్లు తానే మడత పెట్టుకుంటే వాటిలో సగం ఇంట్లోనే మిగిలిపోతాయి. వెనిస్ స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా కాలవ, ఎడమచేతి వైపు స్కాల్జి వంతెన. ఎక్కడానికీ మెట్లే, దిగడానికీ మెట్లే. ఇలాంటి వంతెనలు ఆ ఊళ్లో నాలుగువందలకు పైనే, సూట్‌కేసుకి చక్రాలున్నా అక్కడ పనిచెయ్యవు. ఎవరిది వాళ్లు ఎత్తుకోవాలి. అమ్మీది మాత్రం మీరు ఎత్తండి భాయీసాబ్.