పాడిందే పాడితేనే కృతి

‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ’ అన్న సామెత కర్ణాటక సంగీతం మీద విసుగు చూపడానికి బాగా పనికొస్తుంది. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల లెక్కలో పాఠం ఒంటబట్టాక మళ్లీ చదవడం దండగే. ఆ లెక్కను కచేరీకి కూడా వర్తింపజేసి, పల్లవి పంక్తినే వరుస మార్చి మళ్లీ పాడే సంగతులను రెండింటితో సరిపెట్టి చరణానికి వెళ్లొచ్చు కదా అనేవారున్నారు. పల్లవి తిరిగి రావడం కాలక్షేపం కాదనీ, కృతి నిర్మాణమే దాని మీద నిలిచిందనీ నా వాదన.

త్యాగరాజు (1767–1847) ఖరహరప్రియలో చేసిన ‘చక్కని రాజమార్గము’ చూడండి. పల్లవి మొదట సాదాగా వస్తుంది. తర్వాత ఒక్కో సంగతికీ రాగం కొంచెం కొంచెంగా విచ్చుకుంటుంది. మాటలూ ఎత్తుగడా కదలకుండా ఉండబట్టే చెవికి ఆ మార్పు తెలుస్తుంది. ఆయన కృతులు చాలావాటిలో చరణం చివరి భాగానికి అనుపల్లవి వరుసే వస్తుంది. అంటే సంగతుల్లో మాట నిలిచి వరుస మారితే, ఇక్కడ వరుస నిలిచి మాట మారుతుంది. ఒకటి నిలకడగా ఉంటేనే రెండోదాని నడక వినిపిస్తుంది.

పాశ్చాత్య తాత్వికులూ ఈ ప్రశ్నతో కుస్తీ పట్టారు. సంగీతం ఒక ప్రసంగం లాంటిదైతే చెప్పిందే చెప్పడం అర్థంలేని పని. అందుకే పీటర్ కివీ 1993లో దాన్ని తివాచీ మీది అల్లికతో పోల్చాడు. అందమైన పోలికే గానీ మనకు అతకదు, అల్లికలో పువ్వు ఉన్నది ఉన్నట్టే తిరిగొస్తుంది, సంగతి అలా రాదు. జెరాల్డ్ లెవిన్సన్ 1997లో మరో మాట అన్నాడు: శ్రోత ఆస్వాదించేది ఈ క్షణపు పలుకునూ, అది తర్వాతి పలుకుతో కలిసే తీరునూ, మొత్తం కట్టడం మనసులో ఉండనక్కర్లేదు. ఇది మనకు దగ్గరి మాట. అయినా చివరి సంగతి బరువు తెలియాలంటే మొదటిది గుర్తుండాలి. మధ్యవి తీసేస్తే ఆ చివరిది ఉట్టి గొంతు విన్యాసమవుతుంది.

సాహిత్యం నలిగిపోతుందన్న అభ్యంతరం నిజమే. ఒక పంక్తిని పట్టుకుని అప్పటికప్పుడు విస్తరించే నెరవులో మాటను ఎక్కడ పడితే అక్కడ విరిస్తే అనర్థమే. అది గాయకుడి అశ్రద్ధ. పద్ధతి తప్పు కాదు. సంగతులన్నీ త్యాగరాజువి కావు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఉమయాళ్పురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్య పరంపరల్లో పాఠాలు వేరువేరుగా ఉన్న మాట వాస్తవమే. అయితే సంగతుల సంఖ్య పవిత్రమని నేననడం లేదు. తరతరాల గాయకులు కృతిని పెంచదలచుకున్నప్పుడు కొత్త చరణం కట్టలేదు, పాత పంక్తి దగ్గరే ఆగారు. నా వాదనకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇక మూడు నిమిషాల గ్రామఫోను రికార్డుల్లో మహా విద్వాంసులు క్లుప్తంగా పాడలేదా అంటే, పాడారు, గొప్పగా పాడారు. ఆ కొలత యంత్రం పెట్టింది. కచేరీలో వాళ్లే తీరిగ్గా పాడేవారు.

సభల నిర్వాహకులకు ఒక్క విన్నపం. సమయం చాలకపోతే పది కృతుల జాబితాను ఆరుకు దించండి. ఆ ఆరింటిలో మాత్రం సంగతులు కోయమని గాయకులను తొందరపెట్టకండి.