సీలు విప్పని పెట్టె

అమెరికాలో ఉన్న మా మనుమడు పాత నింటెండో యంత్రం కోసం ఆటల కాట్రిడ్జీలు కొని కూడబెడుతున్నాడు. "పంతులుగారికి దీనితో పనేమి?" అనకండి. తాళపత్ర సేకరణకూ దీనికీ చుట్టరికం ఉన్నది.

2021 జూలైలో అక్కడి హెరిటేజ్ సంస్థ వేలంపాటలో, 1987 నాటి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' సీలు విప్పని ప్రతి ఒకటి 8,70,000 డాలర్లు పలికింది. ఔరా! ఆ కాట్రిడ్జీలో నాణెమంత లిథియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆడేవాడు ఎంతదాకా వచ్చాడో గుర్తుంచుకొనే చిప్పుకు ప్రాణాధారం అదే. అది చచ్చిపోతే ఆట మొదలవుతుంది గాని, యంత్రం ఆపగానే కథ మళ్ళీ మొదటికి. సీలు వేసినంత మాత్రాన దాని ఆయువు తరగక మానదు.

విప్పిన కాట్రిడ్జీకైతే కొత్త బ్యాటరీని టంకం పెట్టి అతికించవచ్చు. లక్షల డాలర్ల పెట్టెను విప్పే సాహసం ఎవరికి? గ్రంథాన్ని చదవక పట్టుబట్టలో చుట్టి పూజించే మన అలవాటే ఇది. కాకపోతే ఖరీదు హెచ్చు.

కనుక మావాడికి నేను చెప్పేది ఇదే: లేబులు చిరిగినా, ఎవరో పసివాడు దానిపై పేరు రాసుకున్నా, ఆడటానికే కొనుక్కో. నకిలీలు మెండు, లోపలి సర్క్యూటు బోర్డు ఫోటో చూపనివాడి దగ్గర మాత్రం కొనకు.