డబ్బాలోని పంకా

ఈ మాసం మేము పంకాను గురించి నాలుగు మాటలు ముచ్చటించదలచాము. పైకప్పుకు వేలాడే పంకా కాదు. కంప్యూటరు డబ్బాలో కూర్చుని గిర్రున తిరిగే అరచేతి పంకా. ఇంతకన్న పెద్ద విషయమేదీ దొరకలేదా అని పెద్దలు నవ్వవచ్చు. కాని కామాఠీపురా చాల్‌లో పది అడుగుల ఖోలీలో అయిదుగురం పడుకుంటాము. రాత్రి 11 గంటలకు ఆ పంకా గుయ్యిమని మొదలుపెడితే అది చిన్న విషయమేమీ కాదు. ఆ సంగతి అనుభవించినవారికే తెలుస్తుంది.

మా అమ్మాయి చదువు కోసమని లామింగ్టన్ రోడ్డులో ఒక దుకాణం నుంచి పాత కంప్యూటరు కొన్నాము. ఆ రోడ్డుకు డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గమని పేరు మారి చాలా ఏళ్ళయినా, రేడియో సామాను నాటి నుంచి కంప్యూటరు సామాను నాటి వరకు మనవాళ్ళ నోట అది లామింగ్టన్ రోడ్డుగానే వుండిపోయింది. సరే, కొని తెచ్చాము. పెట్టడానికి చోటేదీ? తెర కిందనే బల్ల మీద పెట్టి, డబ్బాను పోట్‌మాళా మీదికెక్కించాము. దుమ్ము పడకూడదని మా ఇల్లాలు దాని మీద అల్లిక గుడ్డ కూడా కప్పింది. చూడడానికి ముచ్చటగానే వున్నది. ఆ గుడ్డ సంగతి మళ్ళీ చెబుతాము.

కొంతకాలానికి డబ్బాలోని పంకా పాడయింది. మేమే వెళ్ళి, అన్నిటికన్న చవకది ఇవ్వమని అడిగి తెచ్చి, మేమే తగిలించాము. అది మొదలు ఒకటే హోరు. మీట నొక్కిన క్షణం నుంచి కట్టేసేదాకా ఒకే స్వరం. మా తల్లిగారికి డెబ్బయ్యెనిమిదేళ్ళు. నిద్ర తక్కువ. ఒకనాటి రాత్రి లేచి కూర్చుని, "మనం పండుకున్నా ఆ డబ్బా పండుకోదా బిడ్డా?" అన్నది. పిల్ల చదువు మానుకోలేదు. ముసలామె నిద్ర మానుకోలేదు. మధ్యన ఇంటి యజమాని ఏమి చేయాలి?

మేము చేసినది చెప్పే ముందు ఆ పంకా ఎందుకున్నదో చెప్పడం అవసరం. కంప్యూటరుకు లెక్కలు చేసేది ప్రాసెసరు అనే చిన్న బిళ్ళ. గట్టిగా పని చేసేటప్పుడు అది 65 వాట్లో, అంతకన్న ఎక్కువో విద్యుత్తు తింటుంది. వెనుకటి రోజుల్లో మన వంటింట్లో వెలిగిన 60 వాట్ల బల్బును జ్ఞాపకం చేసుకోండి. ముట్టుకుంటే చెయ్యి కాలేది. అంత వేడి గోరంత చోట పుడితే ఎట్లా వుంటుందో ఆలోచించండి. ఆ వేడిని పైకి లాగడానికి బిళ్ళ మీద లోహపు రేకుల దిమ్మ వుంటుంది. ఆ రేకుల మధ్య నుంచి గాలి తోసి వేడిని అవతలకు పంపడం పంకా పని.

పంకా ఎంత వేగంగా తిరిగితే అంత గాలి వస్తుంది. వేగం సగం చేస్తే గాలి కూడా సుమారు సగమవుతుంది. కాని చప్పుడు అంతకన్న చాలా ఎక్కువగా తగ్గుతుంది. ఇంచుమించు 15 డెసిబెళ్ళు పడిపోతుంది. అంటే పని లేనప్పుడు మెల్లగాను, పని వున్నప్పుడు జోరుగాను తిరిగేటట్టు ఏర్పాటు చేసుకుంటే ఇంట్లో అందరికీ సుఖమే. నాణ్యమైన యంత్రాలన్నిటిలోను ఈ ఏర్పాటు వుండనే వున్నది. మాకు తెలియనిది అదే.

పంకాకు వచ్చే తీగలు లెక్కపెట్టండి. కొన్నిటికి మూడు, కొన్నిటికి నాలుగు వుంటాయి. మొదటి రెండూ విద్యుత్తు తెచ్చేవి, 12 వోల్టులు. మూడవ తీగ పంకా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కంప్యూటరుకు కబురు చెబుతుంది. ఒక్కొక్క చుట్టుకు రెండేసి సంకేతాలు పంపుతుంది. నాలుగవది ఆజ్ఞల తీగ. అందులో సెకనుకు 25,000 సార్లు విద్యుత్ సంకేతం వెలుగుతూ ఆరుతూ వుంటుంది. వెలుగు పాలు ఎక్కువైతే పంకా జోరుగా తిరుగుతుంది, తక్కువైతే మెల్లగా తిరుగుతుంది. ఈ పద్ధతిని పి.డబ్ల్యు.ఎం. అంటారు.

మూడు తీగల పంకాకు ఆజ్ఞ అందదు. దాని వేగం తగ్గించాలంటే 12 వోల్టులనే తగ్గించాలి. దీనిని డి.సి. పద్ధతి అంటారు. మేము చవకగా తెచ్చినది మూడు తీగలది. మా యంత్రం నాలుగవ తీగ మీద ఆజ్ఞలు పంపుతూ కూర్చున్నది. వినేవాడు లేడు. అందుచేత ఆ పంకా ఎప్పుడూ నిండు వేగంతోనే తిరిగింది. మేమేమో పాత యంత్రం గదా, ఇంతే కాబోలుననుకున్నాము.

ఒక ఆదివారం మేమే పూనుకొని, యంత్రం మొదలయ్యేటప్పుడు డిలీట్ మీట నొక్కి బయాస్ అనే లోపలి పట్టికలోకి వెళ్ళాము. అక్కడ పంకా విభాగంలో పి.డబ్ల్యు.ఎం. తీసి డి.సి. పెట్టాము. అంతవరకు బాగానే వున్నది. తరువాత వేగాన్ని నూటికి 30 అని స్థిరంగా బిగించాము. పంకా వేగం మరీ తక్కువగా వున్నదని యంత్రం హెచ్చరించింది. ఆ హెచ్చరికను కూడా పట్టించుకోవద్దని అక్కడే ఇంకొక మీట నొక్కాము. ఖోలీ నిశ్శబ్దమైపోయింది. మా తల్లిగారు హాయిగా నిద్రపోయింది. కచేరీలో ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు మోస్తున్న మాకు ఆ రాత్రి ఇంజనీరునైనంత గర్వం కలిగింది.

12 వోల్టులలో నూటికి 30 అంటే మూడున్నర వోల్టుల చిల్లర. చాలా పంకాలు 5 వోల్టులకు లోపల కదలనే కదలవు. మా నిశ్శబ్దం అటువంటిది. పంకా మెల్లగా తిరగడం లేదు. చాలాసార్లు అసలు తిరగడమే లేదు.

మే నెల వచ్చింది. ముంబయిలో ఎండ 33 డిగ్రీలు దాటినా దాటకపోయినా ఉక్కపోత సంగతి మీకు చెప్పనక్కరలేదు. పోట్‌మాళా మీద, రేకుల కింద అంతకన్న వేడి. మా అమ్మాయి కాలేజీ ప్రవేశానికి ఫారం పంపడానికి అదే ఆఖరి రాత్రి. 12 గంటలకు గడువు. మార్కుల కాగితాలన్నీ ఆ డబ్బాలోనే వున్నాయి. పదిన్నరకు యంత్రం నత్తనడక పట్టింది. వేడి హద్దుకు చేరగానే ప్రాసెసరు తన పని తానే తగ్గించుకుంటుంది. చాలా రకాలలో ఆ హద్దు 100 డిగ్రీల దాపున వుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే ప్రాణం దక్కించుకోవడానికి ఆరిపోతుంది. పదకొండుకు ఐదు నిమిషాలున్నప్పుడు ఆరిపోయింది.

పిల్ల ఏడవలేదు. మా ముఖం చూసింది, అంతే. ఆ చూపు మేము మరవము. నిచ్చెన వేసి డబ్బాను కిందికి దించాము. పక్క రేకు విప్పాము. టేబులు ఫ్యాను దాని ముందు పెట్టాము. మా తల్లిగారు ఎవరూ అడగకుండానే విసనకర్ర పట్టుకొని వచ్చి కూర్చున్నది. పావుగంట చల్లారనిచ్చి, మళ్ళీ వెలిగించి, బయాస్‌లోకి వెళ్ళి పంకాను నిండు వేగానికి పెట్టాము. హోరు మొదలైంది. ఆ చప్పుడు ఆ రాత్రి మాకు సన్నాయి మేళంలాగ వినిపించింది. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుండగా ఫారం వెళ్ళింది.

మర్నాడు లామింగ్టన్ రోడ్డులో మరమ్మతులు చేసే ఒక కుర్రవాడికి చూపించాము. కథంతా విని, "సాబ్, ఆవాజ్ బంద్ కియా, గర్మీ కహాఁ బంద్ కియా?" అన్నాడు. వయసులో మాకన్న పాతికేళ్ళు చిన్న. అయినా సమాధానం చెప్పలేకపోయాము. లోపల రేకుల మధ్య దూది పరుపులాగ దుమ్ము పేరుకున్నది. బిళ్ళకూ దిమ్మకూ మధ్యనుండే పూత ఎండి పెచ్చులు కట్టింది. మా ఇల్లాలి అల్లిక గుడ్డ గాలి పోయే దారికి అడ్డంగా వేలాడుతున్నది. వేడి పోయే దారులు ఇన్ని మూసిపెట్టి పంకా మీద నేరం మోపాము.

కనుక ఎవరింట్లోనైనా డబ్బా హోరుమంటుంటే వరుసగా ఇట్లా చూసుకోండి. మొదట తీగ పీకి, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. దులిపేటప్పుడు పంకా రెక్కను వేలితో పట్టుకోండి. వూదిన గాలికి గిర్రున తిరిగితే చెడుతుంది. పూత ఎండిపోతే పాతది తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేస్తే చాలు. గోడకూ డబ్బా వెనుకకూ జానెడు ఎడం వుంచండి. గుడ్డ కప్పదలిస్తే యంత్రం కట్టేసిన తరువాతనే కప్పండి. గరగరమని శబ్దం వస్తుంటే అది వేగం దోషం కాదు, అరిగిన పంకా, మార్చవలసినదే. మార్చేటప్పుడు నాలుగు తీగలది కొనండి.

ఇవన్నీ అయిన తరువాతనే వేగం జోలికి వెళ్ళాలి. అదైనా ఒకే అంకె బిగించడం కాదు, వేడిని బట్టి మెట్లు పెట్టాలి. మా యంత్రంలో ఇప్పుడు 40 డిగ్రీలకు నూటికి 30, 60కి 50, 75కి 75, 85 దాటితే నిండు వేగం. పంకా నాలుగు తీగలది గనుక నూటికి 30లో కూడా చక్కగా తిరుగుతున్నది. వేడి ఒక్క క్షణం ఎగిరి పడినప్పుడల్లా పంకా కూడా ఎగిరిపడకుండా కొన్ని సెకన్ల జాగు పెట్టే వీలు చాలా యంత్రాలలో వుంటుంది. అది పెట్టుకుంటే రాత్రి పూట చెవికి శాంతి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. పంకా ఎంత తిరిగినా గదిలోని వేడికన్న చల్లగా చేయలేదు. జనవరిలో కుదిరిన లెక్క మే నెలలో మరొకసారి చూసుకోవాలి.

హెచ్చరికను మాత్రం మళ్ళీ తెరిచిపెట్టాము. ఇక ముందు దానిని మూయము.

డబ్బా ఇప్పుడు కిందనే, బల్ల పక్కన వుంటున్నది. కాళ్ళు చాచుకోవడానికి చోటు కొంచెం తగ్గింది. మా అమ్మాయికి సీటు వచ్చింది; రాత్రి పొద్దుపోయేదాకా చదువుతున్నది. మొన్న మా తల్లిగారు పడుకోబోతూ డబ్బా మీద చెయ్యి వేసి చూసి, "సల్లగనే ఉన్నది, సదువుకో బిడ్డా" అని అటు తిరిగి పడుకున్నది.