మా ఒడ్డుకి ఆ ఇంజను వద్దు

పూరీ పెంటకోటలో మా ఇంట్లో నెల రోజుల నుంచి ఒకటే మాట. ఇప్పుడున్న లాంగ్‌టెయిల్ మోటారు తీసేసి, బోటు లోపల బిగించే ఇన్‌బోర్డు ఇంజను వేయించాలని నాన్న పట్టుబట్టాడు. అప్పు కూడా మాట్లాడేశాడు. నేను వద్దన్నాను. వేటకి రాని ఆడపిల్లకి ఇంజను సంగతేం తెలుసని చిన్నాన్న నవ్వాడు.

వేటకి వెళ్ళను, నిజమే. కానీ బోటు ఒడ్డుకొచ్చేటప్పుడు బుట్ట పట్టుకుని అమ్మ పక్కన నిలబడేది నేనే. అక్కడ ఏం జరుగుతుందో రోజూ చూస్తున్నాను.

ఇన్‌బోర్డులో మంచి లేదనను. ఫ్యాను బోటు కింద లోతుగా ఉంటుంది కాబట్టి కెరటం మీద బోటు ఎగిరినా నీళ్ళు వదిలి ఊరికే తిరగదు. లాంగ్‌టెయిల్ అయితే ఆ పొడుగు కడ్డీని గంటల తరబడి పట్టుకోవాలి. ఒడ్డుకొచ్చేసరికి నాన్న చేతులు అన్నం కలపలేనంతగా తిమ్మిరెక్కి ఉంటాయి. అది చూస్తే నాకు మాత్రం బాధ కాదా?

కానీ పారాదీప్‌లో బోట్లని జెట్టీకి కట్టేస్తారు. మాకు జెట్టీ ఏది? కెరటాలు దాటొచ్చి ఇసక మీదికి ఎక్కించాలి. చివరి కెరటం దగ్గర లాంగ్‌టెయిల్ కడ్డీని పైకి లేపేస్తారు. ఇన్‌బోర్డు షాఫ్టు అడుగున బిగించి ఉంటుంది, లేవదు. ఇసకకి ముందు తగిలేది ఫ్యానే. షాఫ్టు కొంచెం వంగితే చాలు, బోటంతా వణుకుతుంది, అది బయటికెళ్ళే చోట గ్లాండు అరిగి నీళ్ళు లోపలికొస్తాయి. ఫ్యానుకి వల చుట్టుకుంటే ఎవరో ఒకరు బోటు కిందికి మునిగి కోయాలి. పైగా ఆ ఇంజను బరువంతా లాగేవాళ్ళ భుజాల మీదే.

నిరుడు మా వీధిలో ఒక బోటుకి ఇలాగే షాఫ్టు వంగింది. బాగుచేసేదాకా వేట లేదు, వాయిదా మాత్రం ఆగలేదు. ఆ ఇంటి పిన్ని చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. మా అమ్మకీ ఉన్నవి కమ్మలే.

మా సైన్సు మాష్టారు ఒక సంగతి చెప్పారు. 1980ల్లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ళ బంగాళాఖాత కార్యక్రమం నడిచింది. వాళ్ళు జెట్టీ లేని ఇలాంటి ఒడ్డుల కోసమే, ఫ్యానుని పైకి లేపుకునే డీజిలు ఇంజను తయారు చేశారట. మరి ఇంజను అమ్మడానికొచ్చినాయన ఆ ఊసే ఎత్తలేదేం? ఒడ్డు సంగతి అడిగితే "జెట్టీ వస్తుందిలెండి" అన్నాడు.

నాన్నా, వచ్చాకే కొందాం. అందాకా లేచే షాఫ్టు ఎక్కడైనా దొరుకుతుందేమో అడుగు. అప్పు కాగితం మీద నువ్వింకా సంతకం పెట్టలేదు కదా.