బ్యాటరీకీ కళాయి కావలెను

కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదని మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. లిథియం అయాన్ బ్యాటరీదీ అదే కథ. లోపలి ద్రవములో ఏ కాస్త తేమ ఉన్నను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పుట్టి, కాథోడులోని లోహములను కొద్దికొద్దిగా కరిగించును. వేడి పెరిగినకొద్దీ ఈ చెరుపు త్వరపడును. కాథోడు పొడికి కొన్ని నానోమీటర్ల మందాన అల్యూమినా పూసినచో దాని ఆయువు పెరుగును. పూత మందమైనచో లిథియం రాకపోకలకే అడ్డు. అందులోనే ఉన్నది నేర్పు.

మా తిరుచ్చులి ఎండలకు నా స్కూటరు బ్యాటరీ రెండు వేసవులలోనే చతికిలబడినది. అమ్మినవారు మాట దాటవేసిరి. పూత లేకనే చెడినదని నేననను. ఎంత వేడిలో పరీక్షించిరో, ఎన్ని ఛార్జీల వరకు నిలుచునో పెట్టెమీద అచ్చువేయవలెనని మాత్రమే నా కోరిక.

1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయము మా పొరుగు జిల్లాలో, కారైకుడిలోనే ఉన్నది. విద్య ఇంత చేరువలో ఉండగా, కొనువాడు చీకటిలో ఉండుట న్యాయమా? ప్రభుత్వమువారు ఈ అచ్చును నిర్బంధము చేయవలెనని మనవి.

తిరుచ్చులి
— ఒక పాఠకుడు