పడవకీ పాస్‌పోర్టు కావాలి!

విమానంలో విదేశం వెళ్లేవాళ్లు సరిహద్దు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. దిగగానే బాణం గుర్తులు దారి చూపిస్తాయి. క్యూలో నిలబడితే అధికారి పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తాడు. అంతే, ఆ దేశంలో అడుగుపెట్టినట్టే. మరి సొంత పడవ వేసుకుని సముద్రం మీదుగా వెళ్తే? అక్కడ గేటూ ఉండదు, క్యూ కూడా ఉండదు. ఇవతలి నీళ్లూ అవతలి నీళ్లూ ఒకేలా ఉంటాయి. అయినా సరిహద్దు ఉంటుంది. దాన్ని దాటానని తనంత తాను వెళ్లి చెప్పుకోవాల్సిన బాధ్యత పడవ నడిపేవాళ్లదే. చెప్పకపోతే జరిమానా, ఒక్కోసారి పడవ స్వాధీనం, జైలు కూడా!

ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉద్యోగం చాలించుకుని, ఓ తెరచాప పడవ కొనుక్కుని దేశాలు చుట్టివచ్చే భార్యాభర్తలు చాలామందే ఉన్నారు. పిల్లల్ని కూడా వెంటపెట్టుకుని బయల్దేరేవాళ్లూ ఉన్నారు. పడవే ఇల్లు, గాలే ఇంధనం. వినడానికి ఎంత స్వేచ్ఛగా ఉందో కదా! కానీ ఆ ఇంట్లో వంటసామాను ఎంత ముఖ్యమో కాగితాల ఫైలూ అంతే ముఖ్యం.

గీత ఎక్కడ?

అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకూ, అంటే దాదాపు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత జలాలే. అలాగని అటువైపు వెళ్లనే కూడదని కాదు. ఎవరికీ హాని తలపెట్టకుండా, ఎక్కడా ఆగకుండా దాటిపోయే పడవని అడ్డుకోకూడదని అదే చట్టం చెబుతుంది. దారిలో అందమైన దీవి కనిపించిందని లంగరు వేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. అది ఆ దేశంలోకి ప్రవేశించడమే. తుపానులో చిక్కుకున్నా, పడవ దెబ్బతిన్నా, మనిషి ప్రాణం మీదికొచ్చినా మినహాయింపు ఉంటుంది. అప్పుడు కూడా వెంటనే అధికారులకు కబురు చేయాల్సిందే.

నీళ్ల మీద కనిపించని గీత ఎంత ప్రమాదకరమైనదో ఉత్తరాంధ్ర తీరానికి బాగా తెలుసు. వాళ్లేమీ విహారానికి వెళ్లలేదు. పొట్టకూటి కోసం గుజరాత్ వెళ్లి, అక్కడి బోట్లలో వేటకు దిగారు. తమ జలాల్లోకి వచ్చారంటూ 2018 నవంబరులో పాకిస్థాన్ వాళ్లను పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై వాఘా మీదుగా ఇల్లు చేరారు. అంటే ఏడాదికి పైగా చెరలోనే!

పసుపు జెండా కథ

సరే, పడవ వేరే దేశానికి చేరుకుంది. ఇప్పుడేం చేయాలి? నచ్చిన ఒడ్డుకి వెళ్లడానికి లేదు. ప్రవేశానికని ప్రభుత్వం కేటాయించిన రేవులు కొన్నే ఉంటాయి. నేరుగా వాటిలో ఒకదానికే వెళ్లాలి. చదరంగా ఉండే పసుపు జెండా ఎగరేసి అధికారుల కోసం ఎదురుచూడాలి. చాలా దేశాల్లో ఈ తతంగం పూర్తయ్యేదాకా కెప్టెన్ తప్ప ఇంకెవరూ నేల మీద కాలు పెట్టకూడదు. నెల రోజులు నీళ్ల మీదే గడిపి ఎదురుగా పచ్చని చెట్లు చూస్తూ కూడా పిల్లలు పడవలోనే కూర్చోవాలన్నమాట!

పసుపు జెండా అనగానే లోపల జబ్బు ఉందేమో అనిపిస్తుంది. నిజానికి అంతర్జాతీయ సంకేతాల్లో దాని అర్థం సరిగ్గా అందుకు వ్యతిరేకం. ‘మా పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి అనుమతించండి’ అని. దీని వెనక ఆరు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌ను అప్పట్లో రగూసా అనేవారు. ప్లేగు భయంతో ఆ రేవు 1377లో ఓ నిబంధన పెట్టింది. జబ్బున్న ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు 30 రోజులు విడిగా గడిపాకే ఊళ్లోకి రావాలి. తర్వాత ఆ గడువు 40 రోజులైంది. ఇటలీ భాషలో నలభైని ‘క్వారంటా’ అంటారు. క్వారంటైన్ అన్న మాట పుట్టింది అక్కడే.

ఆరోగ్య, ఇమిగ్రేషన్, కస్టమ్స్, వ్యవసాయ శాఖల వాళ్లు వచ్చి చూసుకున్నాక పసుపు జెండా దిగుతుంది. దాని స్థానంలో మర్యాదపూర్వకంగా ఆ దేశపు జెండాను కుడివైపున ఎగరేస్తారు.

వెళ్తున్నట్టూ చెప్పాలి

రావడమే కాదు, వెళ్లడానికీ లెక్క ఉంది. రేవు వదిలేముందు కస్టమ్స్ దగ్గర నిష్క్రమణ పత్రం తీసుకోవాలి. దక్షిణ, మధ్య అమెరికా దేశాల్లో దీన్ని ‘సార్పే’ అంటారు. పడవ పేరు, అందులో ఉన్నవాళ్ల వివరాలు, తర్వాత వెళ్లే రేవు అందులో రాసి ఉంటాయి. తర్వాతి దేశంలో అధికారి మొట్టమొదట అడిగేది దాన్నే. అది లేకపోతే ‘అక్కణ్నుంచి ఎందుకు చెప్పకుండా వచ్చావు? అప్పు ఎగ్గొట్టావా? దొంగసరుకు తెచ్చావా?’ అన్న అనుమానం మొదలవుతుంది. ఒక దేశంలో బద్ధకించి వదిలేసిన పని వందల మైళ్ల అవతల మెడకు చుట్టుకుంటుందన్నమాట.

ఇందులోనే ఓ చిక్కుంది. పత్రం తీసుకున్నాక ఇన్ని గంటల్లోగా బయల్దేరాలని చాలాచోట్ల గడువు ఉంటుంది. గాలికి ఆ గడువుతో పనిలేదు. ముద్ర పడిన రాత్రే వాతావరణం చెడిపోతే? కాగితం కోసం తుపానులోకి వెళ్లడం తెలివితక్కువ పని. మళ్లీ ఆఫీసుకి వెళ్లి గడువు పొడిగించుకోవడమే మార్గం. అనుభవజ్ఞులు వాతావరణ సూచన చూసుకున్నాకే ముద్ర కోసం వెళ్తారు.

మనిషికో గడువు, పడవకో గడువు

ఐరోపాలో లెక్క మరీ విచిత్రం. బయటి దేశస్థులు షెంజెన్ ప్రాంతంలో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. వాళ్ల పడవ మాత్రం పన్ను కట్టకుండా 18 నెలలు ఉండొచ్చు! యజమాని వెళ్లిపోవాలి, పడవ ఉండిపోవచ్చు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోవడంతో 2021 జనవరి నుంచి ఆ దేశపు పడవలవాళ్లూ ఈ లెక్కలోకి వచ్చారు. అంతకుముందు వేసవంతా గ్రీసు దీవుల్లో గడిపినవాళ్లు ఇప్పుడు క్యాలెండర్ ముందేసుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

అమెరికా వీసా కష్టాలు తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. బ్రిటన్ వాళ్లకు ఆ బాధ లేదనుకుంటాం. విమానంలో వెళ్తే నిజమే, ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకుంటే చాలు. అదే మనిషి సొంత పడవలో వెళ్తే ఆ వెసులుబాటు వర్తించదు. మన అమ్మానాన్నల్లాగే రాయబార కార్యాలయానికి వెళ్లి బీ1-బీ2 వీసా తెచ్చుకోవాల్సిందే!

అడుగు భాగం కూడా చూస్తారు

న్యూజిలాండ్ వెళ్లాలంటే కనీసం 48 గంటల ముందే వస్తున్నట్టు తెలియజేయాలి. పడవలో మిగిలిన పండ్లు, మాంసం, తేనె లాంటివి అప్పగించేయాలి. అంతటితో అయిపోదు. 2018 నుంచి పడవ అడుగుభాగం కూడా శుభ్రంగా ఉండాలి. ఎక్కువకాలం ఉండదలచిన పడవకైతే పలచటి పాచి, ఒక రకం గుల్లలు తప్ప ఇంకేమీ అంటుకుని ఉండకూడదు. శుభ్రం చేయించిన రసీదులు, ఫొటోలు దగ్గర పెట్టుకోవాలి.

ఎందుకింత పట్టింపు? మధ్యధరా సముద్రానికి చెందిన ఓ గొట్టపు పురుగు 2008లో అక్కడి లిటిల్టన్ రేవులో, మరుసటేడు ఆక్లండ్‌లో బయటపడింది. పడవల అడుగున అంటుకుని ఇలాంటివి ఊళ్లు మారతాయి. ఒకసారి పాతుకుపోతే ఆల్చిప్పల సాగు మీద బతికేవాళ్లకు నష్టం. ఎక్కడి పడవకో అంటుకొచ్చిన పురుగు ఇక్కడి రైతు నోటిదగ్గర కూడు లాక్కుంటుందంటే భయం ఉండదా మరి!

రేవులన్నీ మూసేసిన వేళ

ఈ నిబంధనల అసలు బరువు 2020లో తెలిసింది. పనామా నుంచి పసిఫిక్ దాటడానికి తెరచాప పడవకు నెల రోజులైనా పడుతుంది. బయల్దేరినప్పుడు తెరిచి ఉన్న రేవులు చేరేసరికి మూతపడ్డాయి. ముందుకు వెళ్తే రానివ్వరు, వెనక్కి వెళ్దామంటే ఎదురుగాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ పసిఫిక్‌లో తుపానుల కాలం. అప్పుడు ఏటా ఎన్నో పడవలు న్యూజిలాండ్‌లో తలదాచుకుంటాయి. ఆ ఏడాది ఆ దారీ చాలామందికి మూసుకుపోయింది.

అప్పుడు ఫిజీ ఓ మంచి ఆలోచన చేసింది. ‘బ్లూ లేన్’ పేరుతో పడవలను రానిచ్చింది. ఎక్కడా ఆగకుండా సముద్రం మీద గడిపిన రోజులను 14 రోజుల క్వారంటైన్‌లో కలిపేసింది. నిజమే కదా, నడిసముద్రంలో రెండు వారాలున్న మనిషికి జబ్బు ఎవరి నుంచి అంటుకుంటుంది?

మన తీరంలో...

2008 నవంబరులో ముంబయి మీద దాడిచేసిన పదిమంది ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే చేపల బోటును చేజిక్కించుకుని సముద్రం మీదుగానే వచ్చారు. చిన్న పడవను చూసినా మన అధికారులు అన్ని ప్రశ్నలు వేయడంలో ఆశ్చర్యం లేదు. విదేశీ పడవ ఇక్కడ ఒక రేవు నుంచి మరో రేవుకి మారినా మళ్లీ కస్టమ్స్, ఇమిగ్రేషన్ గడప తొక్కాల్సిందే.

2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకూ ‘తారిణి’ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదీ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, దక్షిణాఫ్రికాల్లో ఆగారు. చివర్లో చుక్కాని వ్యవస్థ మొరాయిస్తే మారిషస్‌లోనూ ఆగాల్సి వచ్చింది. అది నౌకాదళ పడవ. వెనక ప్రభుత్వం ఉంది. సొంత పడవలో వెళ్లేవాళ్లకి ఆ అండ ఉండదు. చుక్కాని పట్టేదీ వాళ్లే, ఫారాలు నింపేదీ వాళ్లే. అందుకే పాత నావికులు కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్తలు రెండే. వెళ్లబోయే దేశపు నిబంధనలు బయల్దేరే ముందు మరోసారి చూసుకోవాలి, అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలి. కాపలా లేని సముద్రంలో ఈ ఏర్పాటంతా నడిచేది పడవ నడిపేవాళ్ల మాట మీదే.