ఆసుపత్రి గడప దాటితే...

స్నానాల గదిలో కాలు జారడం పడుచువారికి చిన్న ప్రమాదమే కావచ్చు. డెబ్భయ్యవ పడి దాటిన మనిషికి మాత్రం అది జీవితాన్నే తలకిందులు చేయగలదు. తుంటి ఎముక విరిగిన వృద్ధులలో దాదాపు నాలుగో వంతు మంది ఏడాది తిరగకుండానే కన్నుమూస్తున్నారని అనేక దేశాల అనుభవం చెబుతోంది. బతికి బయటపడిన వారిలోనూ చాలామంది మునుపటిలా పరుల సాయం లేకుండా నడవలేకపోతున్నారు. విరిగిన ఎముక కంటె, దాని మూలంగా పట్టిన మంచమే వారి పాలిట మృత్యువవుతున్నది. కదలిక కరవై కండరాలు క్షీణిస్తాయి. వీపున పుండ్లు పడతాయి. ఊపిరితిత్తులలో నిమ్ము చేరుతుంది. కాలి సిరలలో రక్తం గడ్డకడుతుంది. అందుకే వీలైనంత త్వరగా శస్త్రచికిత్స జరిపి, మరునాడే రోగిని లేపి నిలబెట్టాలన్నది నేటి వైద్యరంగం అంగీకరించిన నియమం.

ఈ నియమం ఆసుపత్రి గడప దాటాక ఏమవుతున్నదో తెలియాలంటే సూరత్ వంక చూడాలి. తెలంగాణ పల్లెల నుండి దశాబ్దాల క్రితం మరమగ్గాలను నమ్ముకుని వెళ్ళిన తెలుగు నేత కార్మికులెందరో అక్కడి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డారు. నాటి యువకులే నేటి వృద్ధులు. నగరంలో వైద్య వసతులకు కొదవ లేదు. ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ ఫిజియోథెరపీ కళాశాల సైతం ఉంది. రాడ్డు వేయడం వరకు చిక్కు లేదు. అసలు సమస్య రోగి ఇల్లు చేరాకనే మొదలవుతుంది. ఇరుకు గది, నిటారు మెట్లు, నేలమీద పడక, గొంతుకూర్చోవలసిన మరుగుదొడ్డి. పన్నెండు గంటల షిఫ్టు చేసే కొడుకు తండ్రిని ఆటోలో ఎక్కించుకుని వ్యాయామ చికిత్సకు తీసుకువెళితే ఆనాటి కూలి పోయినట్టే. పోనీ, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి స్వగ్రామానికి చేరుద్దామంటే, ఇక్కడ జరిగిన వైద్యం అక్కడి డాక్టరుకు తెలిసే మార్గమేది?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయమే అవుతుంది. 2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం, మంచాన పడినవారి ఇళ్ళకు సిబ్బందిని పంపడాన్ని తన లక్ష్యాలలో చేర్చుకుంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమాను, 2024 అక్టోబరులో, 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా విస్తరించారు. ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. కాని ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినది. డిశ్చార్జి తర్వాత అది భరించేది 15 రోజుల ఖర్చులు మాత్రమే. తుంటి విరిగిన మనిషికి నడక తిరిగి రావడానికో, నెలలు పడుతుంది. రాడ్డుకు డబ్బు చెల్లించి, నడకకు చెల్లించకపోవడం నాట్లు వేసి నీరు పెట్టకపోవడం వంటిదే.

సంపన్న దేశాలు సైతం ఈ లోపం నుండి పూర్తిగా బయటపడలేదు. బ్రిటన్ 2007లోనే తుంటి విరిగిన రోగుల వివరాలతో జాతీయ పట్టిక ప్రారంభించింది. సకాలంలో శస్త్రచికిత్స వంటి ప్రమాణాలు పాటించిన ఆసుపత్రులకు 2010 నుండి అదనపు సొమ్ము ఇస్తోంది. దాంతో ఆసుపత్రులలో వైద్యం మెరుగుపడింది. అయినా, ఇంటికి వెళ్ళిన రోగికి ఫిజియోథెరపీ కొనసాగడంలో జాప్యం జరుగుతున్నదని 2017లో అక్కడి ఫిజియోథెరపిస్టుల సంఘం జరిపిన పరిశీలనే బయటపెట్టింది. కొలిచినది బాగుపడింది, కొలవనిది వెనుకబడింది. మనకు ఇదే గుణపాఠం.

సూరత్‌కు ఈ పని అసాధ్యమేమీ కాదు. 1994లో ప్లేగు భయంతో లక్షలాది జనం విడిచిపోయిన నగరాన్ని, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నాయకత్వంలో దేశానికే ఆదర్శంగా తీర్చిదిద్దుకున్న ఘనత దానిది. ఇంటింటికీ తిరిగి జ్వరాల ఆచూకీ తీసే సిబ్బంది ఉన్నప్పుడు, తుంటి ఆపరేషన్ అయిన వృద్ధుణ్ణి మొదటి ఆరు వారాలైనా పలకరించే ఏర్పాటు భారం కాబోదు. ఫిజియోథెరపీ విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో ఈ సేవకు వినియోగించవచ్చు. ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో, కాలిపై ఎంత బరువు మోపవచ్చో, తిరిగి ఎప్పుడు చూపించుకోవాలో తెలిపే కాగితం ప్రతి రోగి చేతిలోనూ ఉండాలి. తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపే నగరపాలక సంస్థకు ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేయించడం ఎంత పని? కేంద్రం కూడా తుంటి రోగుల విషయంలో 15 రోజుల గడువును కనీసం మూడు నెలలకు పెంచాలి.

కుటుంబాల బాధ్యతా లేకపోలేదు. మెట్ల దగ్గర దీపం, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉంటే మరో పాటు తప్పవచ్చు. ప్రేమకొద్దీ పెద్దలను మంచం దిగనివ్వకపోవడం వారికి చేసే అపకారమే. విరిగిన ఎముకను అతికించడంతో వైద్యం పూర్తయినట్లు కాదు. ఆ మనిషి తిరిగి తన కాళ్ళపై గడప దాటినప్పుడే అది పూర్తయినట్లు లెక్క.